నాచు తిరిగే వేళ

నీళ్ళు తీసిన ఇసుక చిటపటలాడుతుంది.

చెవి పెట్టి వినాలి. లెక్కలేనన్ని పురుగు బొరియలు ఒక్కసారిగా గాలి పీల్చుకునే చప్పుడు అది. ఆ చప్పుడుతోనే ఒడ్డుకీ దీవికీ మధ్య మైలు పొడవున నేల బయటపడుతుంది. పొద్దున అదంతా సముద్రమే.

ఆ నేలకి అడ్డంగా ఒక సన్నటి కాలువ. కాలువ మధ్య ఒక నల్లరాయి. రాతిని పట్టుకున్న పొడవాటి నాచు.

ఆటు ఉన్నంతసేపూ నాచు కొసలు సముద్రం వైపు ఉంటాయి. స్నానం చేసి దువ్వి వదిలేసిన జుట్టులా, కదలకుండా.

అవి లోపలికి తిరిగాయంటే… పోటు మొదలైనట్టే.

కోలి చూసేది ఆ నాచునే. ఇరవై ఆరేళ్ళుగా, జూలైలో ఒక్క ఆదివారం, ఆ రాతికి పాతిక అడుగుల దూరంలో నిలబడతాడు. చేతిలో చుట్టిన ఎర్రజెండా. వెనకాల గుర్రప్పందేలు జరుగుతుంటాయి.

అందరూ గుర్రాలని చూస్తారు. అతను నాచుని చూస్తాడు.

ఇరవై ఆరేళ్ళలో ఒక్క పందెం చూశాడు. అది చూడకుండా ఉండాల్సింది.

జెండా లేచిందంటే పందెం ఎక్కడున్నా ఆగాలి. గుర్రాలూ బళ్ళూ మనుషులూ ఒడ్డెక్కాలి. జెండా పట్టినవాడు అందరికన్నా ఆఖరున ఎక్కాలి. ఇదీ పద్ధతి.

పందేల రోజంటే ఈ తీరానికి ఎండాకాలమంతా ఒక్కపూట వచ్చినట్టు. వినెగర్ చల్లిన వేడి చిప్స్ వాసన. గుర్రాల చెమట వాసన. చెక్కపెట్టెల మీద నిలబడి పందేలు కట్టించుకునేవాళ్ళ అరుపులు. బూట్లు మెడలో వేలాడేసుకుని తడి ఇసుకలో పరిగెత్తే పిల్లలు. ట్రాక్టరుకి కట్టిన మైకులో గస్టీ గొంతు… గస్టీ పందేల కమిటీ పెద్ద. మైకు లేకపోయినా దీవి దాకా వినపడే మనిషి.

ఈ ఏడు ఆ గొంతు తగ్గింది.

ఈ ఆదివారమే, ఈ ఆటులోనే, ఈ ఇసుక మీదుగానే — ఫెస్టీ శవపేటిక దీవికి వెళ్ళాలి.

ఫెస్టీ కోలి అన్న.

పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేని అన్న.

*

శుక్రవారం పొద్దున్న టీ తాగుతూ పోయాడు ఫెస్టీ. కప్పు కింద పడలేదట. బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ఆ తర్వాత తల వాల్చాడట.

శనివారం దీవి నుంచి ఒడ్డు మీది చర్చికి తెచ్చారు. దీవి వాళ్ళు దీవి మట్టిలోనే పడుకోవాలి కాబట్టి మళ్ళీ తీసుకెళ్ళాలి. సోమవారం ఇక్కడ ఎవరూ కొత్త సమాధి తవ్వరు. మంగళవారం దాకా ఆగడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇక మిగిలింది ఆదివారం. ఆదివారానికి ఒక్కటే పగటి ఆటు.

పందేనికీ అదే. చావుకీ అదే.

శనివారం సాయంత్రం ఫెస్టీ భార్య డెలియా వచ్చింది. పంతొమ్మిదేళ్ళలో కోలి ఇంటి గేటు దాకా రావడం అదే మొదలు. లోపలికి రాలేదు. గేటు మీద చెయ్యి వేసి నిలబడింది.

"రేపు ఎన్నింటి దాకా ఉంటుంది కోలీ?"

"నాలుగుంపావు. కాస్త అటూ ఇటూ."

"అటా, ఇటా?"

దెప్పడానికి అడగలేదు. నిజంగానే అడిగింది. అయినా ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది అతనికి.

"నాచు చెప్పాలి వదినా. నా చేతుల్లో ఏముంది."

"నీ చేతుల్లో జెండా ఉంది కదయ్యా" అంది డెలియా.

గేటు నెమ్మదిగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

*

ఆ నాచుని చూడడం నేర్పిందే ఫెస్టీ.

అప్పుడు కోలికి ఏడేళ్ళు, ఫెస్టీకి పదకొండు. గవ్వలు ఏరుకుంటూ రాతి దాకా వెళ్ళారు. ఫెస్టీ తమ్ముడి మెడ పట్టుకుని నీళ్ళ మీదికి వంచాడు. "గడియారం ఆగిపోతుందిరా. నాన్న మర్చిపోతాడు. ఇది మర్చిపోదు. దీన్ని చూడు" అన్నాడు. అన్న చెయ్యి చల్లగా, ఉప్పగా, మెడ మీద… ఆ చెయ్యి ఇప్పటికీ అక్కడే ఉన్నట్టుంటుంది.

తర్వాత ఫెస్టీ దీవి పిల్లని చేసుకుని దీవికి వెళ్ళాడు. కోలి ఒడ్డునే ఉండిపోయాడు. మధ్యలో నాచు.

పంతొమ్మిదేళ్ళ కిందటి ఆఖరి పందెం. ఫెస్టీ గోధుమరంగు గుర్రం. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచిన గుర్రం. మూడేళ్ళు వరసగా రెండోదిగా వచ్చింది. ఆ ఏడు దాటితే ఇక పరిగెత్తే వయసు లేదు దానికి.

ఆ రోజు అది ముందుంది.

మైకులో అన్న పేరు వినపడింది. కోలి తల తిప్పాడు. చూశాడు. ఫెస్టీ గుర్రం మెడ మీదికి వంగి ఉన్నాడు, నవ్వుతున్నాడు. అంత సంతోషం ఆ మొహంలో కోలి ఎన్నడూ చూడలేదు.

తల మళ్ళీ ఇటు తిప్పేసరికి… నాచు కదిలింది.

జెండా ఎత్తాడు.

పందెం చెల్లదన్నారు. అందరూ ఒడ్డెక్కారు. ఎక్కి, వెనక్కి తిరిగి చూస్తూ నిలబడ్డారు. నీళ్ళు రాలేదు. ఒక నిమిషం. మూడు. అయిదు. ఎవరో గడియారం చూస్తూ పైకే చెప్పారు.

ఏడో నిమిషానికి వచ్చాయి.

గాలికి కదిలిందా? నీటికి కదిలిందా? లేక… అన్న ముందున్నాడని చెయ్యే తనంతట తాను లేచిందా?

కోలికి తెలియదు. ఆ రోజూ తెలియదు. ఆ తర్వాత ఏ రోజూ తెలియలేదు.

ఊళ్ళో పేరు పడింది, ఏడునిమిషాల కోలి అని. మొదట్లో మొహం మీదే అనేవాళ్ళు. "కోలీ, బస్సు ఎన్నింటికో చెప్పవయ్యా, ఏడు నిమిషాలు కలుపుకుని బయల్దేరతాం." తర్వాత్తర్వాత పాతబడింది. ఆ పేరు ఎన్నడూ అననివాడు ఒక్కడే, ఫెస్టీ. అసలేమీ అనలేదు. చర్చి గుమ్మంలో ఎదురుపడితే టోపీ సర్దుకుని పక్కనుంచి వెళ్ళిపోయేవాడు.

తిట్టినా బాగుండేది. తిడితే బదులు చెప్పచ్చు.

జెండా మాత్రం ఎవరూ తిరిగి అడగలేదు. అంత చూపున్నవాడు వేరే దొరకలేదు. ఆ తర్వాత ఒక్కసారి కూడా అతని జెండా తప్పలేదు.

దీవిలో మాత్రం మళ్ళీ కాలు పెట్టలేదు.

*

మూడో పందేనికీ నాలుగో పందేనికీ మధ్య పేటిక వచ్చింది.

కడిగి తుడిచిన ట్రాక్టరు ట్రైలర్ మీద. వెనకాల డెలియా, ఫాదర్, ఎప్పుడో ఒడ్డుకి మారిపోయిన దీవి వాళ్ళు. ముప్ఫై మంది దాకా ఉంటారు. దీవిలో మిగిలిన ఒక్క ఇల్లూ ఫెస్టీదే, దానికీ శనివారమే తాళం పడింది.

గస్టీ మైకు ఆపేశాడు. చిప్స్ బండివాడు మంట తగ్గించాడు. రౌతులు టోపీలు తీశారు. పందేలు కట్టించుకునేవాళ్ళు పెట్టెల మీంచి కిందికి దిగారు. వాళ్ళు దిగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఒక గుర్రం మాత్రం సకిలించింది, దానికేం తెలుసు.

పేటిక కోలి పక్కనుంచే వెళ్ళింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా.

చెయ్యి చాపలేదు. టోపీ తీశాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ నాచు వైపు తిరిగాడు.

సముద్రం వైపు. కదలకుండా.

అవతల ఆలస్యమైంది. రెండడుగుల ఇసుక కింద రాయి తగిలిందట, గునపాలతో పగలగొడుతున్నారట. మూడున్నర. మూడూ ముప్పావు. కోలి దుర్భిణి కళ్ళకి పెట్టుకుని చూశాడు. శ్మశానం గోడ పక్కన జనం ఊరికే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

నాలుగూ అయిదుకి అందరూ వంగారు. దింపుతున్నారన్నమాట.

నాలుగూ పదికి పారలు లేచాయి.

ఇక్కడ సమాధిని అయినవాళ్ళూ ఇరుగుపొరుగూ తమ చేతులతోనే పూడుస్తారు. ఆఖరి గడ్డిపెళ్ళ పరిచి, పార వెనక వైపుతో తట్టేదాకా ఎవరూ కదలరు. గుంటని తెరిచి వదిలి రావడం గురించి నోటితో అనడానికి కూడా ఇష్టపడరు.

ఇంకో పావుగంట చాలు వాళ్ళకి. పోనీ, పది నిమిషాలు.

పోనీ… ఏడు.

గస్టీ వచ్చాడు. ఆ గొంతుని అంత చిన్నది చేసుకోవడం అతనికి చేతకావడం లేదు.

"కోలీ, ఆఖరి పందెం గుర్రాలు వరసలో నిలబడ్డాయి. అవతల మీ అన్న పనీ తెమల్లేదు. ఇవాళ ఒక్కరోజు… కాస్త చూసీ చూడనట్టు…"

"ఇసుక మీద పిల్లలెంతమంది ఉన్నారు?"

గస్టీ వెనక్కి తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"చాలామందే" అన్నాడు.

నాచు తిరిగింది.

తొందరేం లేదన్నట్టు తిరిగింది. ముందు ఒక్క పోగు. తర్వాత ఇంకొకటి. తర్వాత అంతా కలిసి, ఏ అనుమానానికీ చోటివ్వకుండా, లోపలికి.

ఈ చెయ్యి ఒకసారి అన్న గెలుపుని ఆపింది. ఇప్పుడు అన్న మీద పడే మట్టిని ఆపాలి.

కోలికి ఏడుపొచ్చింది. చెయ్యి మాత్రం లేచింది.

ఎర్రజెండా.

వరసలోని గుర్రాలు వెనక్కి మళ్ళాయి. ఒక్కడూ గొణగలేదు. ఏడు నిమిషాల మాట ఎవరి నోటా రాలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి అది వినాలనిపించింది కోలికి.

పిల్లలు ఎక్కారు. ఐస్‌క్రీం బండి ఎక్కింది. గుర్రాల బళ్ళు ఎక్కాయి. దీవి నుంచి ట్రైలర్ పేటిక లేకుండా, నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది. దాని మీద ఫాదర్, జనం, తలలు దించుకుని.

డెలియా దాని మీద లేదు. వెనకాల నడిచి వస్తోంది. చేతులకి మట్టి.

కోలి ముందు ఆగింది.

"సగం కూడా కాలేదు కోలీ."

"తెలుసు వదినా."

"కాళ్ళ వైపు పేటిక ఇంకా కనపడుతూనే ఉంది."

నీళ్ళు ఇద్దరి చీలమండలూ దాటాయి. కోలి జెండా కర్ర ఆమె చేతిలో పెట్టాడు.

"పారలు ఎక్కడ పెట్టారు?"

డెలియా అతని మొహం చూసింది. అతని వెనకాల నీళ్ళు చూసింది.

"గోడకి ఆనించి ఉన్నాయి" అంది. "చిన్నది తీసుకో. పెద్దదాని పిడి వదులు."

జెండా పట్టినవాడు అందరికన్నా ఆఖరున ఒడ్డెక్కాలి. ఇదీ పద్ధతి.

ఏ ఒడ్డన్నది ఎవరూ చెప్పలేదు.

కాలువ మోకాళ్ళ దాకా వచ్చింది… తొడల దాకా వచ్చింది… వెనకాల మైకు గరగరలాడింది. "కోలీ, వెనక్కి రావయ్యా" అంది గస్టీ గొంతు. కాసేపాగి "కోలీ" అని మాత్రం అంది. తర్వాత మైకు ఆగిపోయింది.

*

చిన్న పార.

కాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టాడు. ఇసుక, మట్టి, పగలగొట్టిన రాతిముక్కలు. రాతిముక్కల్ని పారతో వెయ్యలేదు. ఒక్కొక్కటీ చేత్తో దింపాడు, చప్పుడు కాకుండా. జూలై పొద్దు. ఎంతకీ వాలదు.

గుంట నిండింది. గడ్డిపెళ్ళలు ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. ఒకచోట పెళ్ళ చాల్లేదు, అరచెయ్యంత ఇసుక అలాగే మిగిలింది. పార వెనక వైపుతో తట్టాడు.

"అన్నా" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ మాట నోట్లో కొత్తగా తగిలింది.

"జెండా వదినకిచ్చి వచ్చాను."

ఇంకా చెప్పాలి. గాలా, నీరా, చెయ్యా… అది చెప్పాలి. తెలిస్తే కదా చెప్పడానికి.

గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తడి బట్టలు ఒంటికి అంటుకున్నాయి. ఒడ్డు మీద జనం ఇంకా ఉన్నారు. వాళ్ళ మధ్య ఎక్కడో ఒక ఎర్రటి చుక్క. ఇసుక మీద గుర్రాల డెక్కలు, ట్రైలర్ చక్రాలు, పిల్లల పాదాలు, అన్నిటి మీదికీ నీళ్ళు వచ్చేశాయి.

మెడలోని దుర్భిణితో నల్లరాతిని ఇటువైపు నుంచి చూశాడు. ఫెస్టీ ప్రతి రోజూ చూసిన వైపు. నాచు లోపలికి తిరిగి ఊగుతోంది. ఇక్కడి నుంచి చూసినా… గాలో, నీరో, చెప్పడం కష్టమే.

రాయి మునిగింది.

మళ్ళీ ఆటు వచ్చేదాకా అతనికి దారి లేదు.

కోలి పక్కకి ఒరిగి, పెళ్ళలు చాలనిచోట మిగిలిన ఇసుక మీద అరచెయ్యి ఆనించాడు. తడి ఇసుక. లోపల ఎక్కడో సర్దుకుంటోంది. చిన్నగా… చాలా చిన్నగా… చిటపటలాడింది.

చెవి పెట్టి విన్నాడు.