ఒక్క బల్బు కనెక్షన్

ఇంటికి ఆఫీసరు వస్తే కింద కూర్చోబెడతారా ఎవరైనా? పొద్దున్నుంచీ లచ్చవ్వకు అదే దిగులు. యూనివర్సిటీ గోడ వెంట ఉన్న ఆ బస్తీలో పేదవాళ్లకు డిపాజిట్ లేకుండా, సగం చార్జీకే ఇంటికొక బల్బు ఇస్తామని కరెంటు ఆఫీసు వాళ్లు ఆమధ్య చెప్పిపోయారు. దరఖాస్తు పెట్టినవాళ్లు నిజంగా పేదవాళ్లో కాదో చూసిపోవడానికి ఇవాళ తార్నాక నుంచి సోమయాజులు గారు వస్తున్నారు.

ఆ బల్బు లచ్చవ్వకు రావాల్సిందే. మగడు గట్టయ్య క్యాంపస్ హాస్టల్లో తోటమాలి. చీకటి పడ్డాక ఆమె బుడ్డి దీపం పెట్టుకుని తార్నాక హోటళ్లకు విస్తళ్లు కుడుతుంది. మొన్నీమధ్యే ఆ బుడ్డి ఎండుటాకుల మీద ఒరిగి, కూతురు సారలమ్మ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆనాటి నుంచి దీపం వెలిగిస్తే చాలు, పిల్ల కెవ్వున అరిచి బయటికి ఉరుకుతోంది.

అయినా మర్యాద మర్యాదే. పక్కింటి ఈరమ్మను అడిగి కుర్చీ తెచ్చింది, స్టీలు గ్లాసు తెచ్చింది. అంతటితో ఊరుకునే రకమా ఈరమ్మ! మొగుడు మొగిలి రిక్షా తొక్కి కొన్న ట్రాన్సిస్టర్ రేడియోను కూడా చంకన పెట్టుకుని వచ్చేసింది.

"పెద్దసారు వస్తుండు. చాయ్ తాగుతుంటె ఓ పాట ఇనపడాలె గద!" అంటూ తనే స్టేషను తిప్పి, గూట్లో పెట్టిపోయింది.

బస్తీ అంతా ఉన్నది దాచుకుంటుంటే వీళ్లిద్దరూ లేనిది తెచ్చి పేర్చారు. ఏం తెలివమ్మా అది!

సోమయాజులు వచ్చారు. కుర్చీలో కూర్చుని చాయ్ తాగారు. పాటకు తల కూడా ఊపారు.

"రేడియో బాగా పలుకుతోందే! మీదేనా?"

"మాదే సారూ," అంది లచ్చవ్వ మురిసిపోతూ.

ఆయన నిట్టూర్చి జేబులోంచి పెన్ను తీశారు. "రేడియో ఉన్న ఇంటికి ఈ రాయితీ లేదమ్మా. నేనేం చేసేది?"

అది ఈరమ్మదన్న మాట లచ్చవ్వ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన తర్వాత చూడబోయేది ఈరమ్మ ఇల్లే. ఆమె కూడా బల్బు కోసం దరఖాస్తు పెట్టుకుంది. ఇప్పుడు నిజం చెబితే, నమ్మి వస్తువు ఇచ్చినదాని నోట్లో మట్టి కొట్టినట్టే. లచ్చవ్వ పిల్ల చేతి వంక చూసింది. అయినా అన్న మాట మార్చుకోలేదు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న ఈరమ్మ లోపలికి వచ్చింది. "సారూ, ఆమె మాట ఇనకుండ్రి. గా రేడియో నాది."

"కాదు సారూ, నాదే. ఈమెకు నేనంటె పాణం, అందుకే గట్ల అంటున్నది."

"నోరు ముయ్యవే నువ్వు!"

సోమయాజులు బిత్తరపోయారు. ఆయన అన్నాళ్ల సర్వీసులో 'నాకేం లేదు మొర్రో' అన్నవాళ్లే గానీ, 'నాది నాది' అని కొట్టుకున్నవాళ్లు లేరు. చివరికి లచ్చవ్వతో అన్నారు: "నీదే అయితే ముందు దాని గోల ఆపమ్మా."

లచ్చవ్వ గూటి దగ్గరికి పోయి ఒక మీట తిప్పింది. పాట చెవులు చిల్లులు పడేలా మోగింది. ఇంకోటి తిప్పింది. గరగరమంది. ఈరమ్మకు ఒళ్లు మండి, చటుక్కున వచ్చి ఒక్క తిప్పు తిప్పింది. పాట ఆగిపోయింది.

సోమయాజులు తన కాగితాల మీద లచ్చవ్వకు కనెక్షన్ ఇవ్వొచ్చని రాశారు. ఈరమ్మ పేరు కొట్టేసి, ఆమె గడప తొక్కకుండానే అవతలింటికి వెళ్లిపోయారు.

లచ్చవ్వకు ఏడుపు ఆగలేదు. "ఎంత పని చేస్తివే! ఇగ నీకు బల్బు రాదు గద!"

"రాకుంటె రాకపాయె," అని కసిరింది ఈరమ్మ. "సారలమ్మ చెయ్యి కాలిన్నాడు నీకొక్కదానికే నొచ్చిందనుకున్నవా?"