సత్యనారాయణ గారి నిలకడ కెమెరా

ఆదివారం వస్తే మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మనవాళ్ళు కొందరు గుడికి వెళతారు, కొందరు చర్చికి, ఎక్కువమంది షాపింగుకి. వీరవెంకటసత్యనారాయణ గారూ, ఆయన భార్య భ్రమరాంబ గారూ మాత్రం మురుగునీటి చెరువులకి వెళతారు. వెక్కిరించడానికి చెబుతున్న మాట కాదు. మెల్‌బోర్న్ నగరం వాడి వదిలేసిన నీళ్ళలో బోలెడన్ని ఊరవతల సముద్రపు ఒడ్డున పెద్ద పెద్ద చెరువుల్లో శుద్ధి అవుతాయి. ఆ గట్ల మీద వేలకు వేలు పక్షులు వాలతాయి. పక్షుల పిచ్చి ముదిరినవాళ్ళకి అనుమతి రాసిచ్చి, గేటు తాళంచెవి కూడా ఇస్తారు. ఆ తాళంచెవి చేతికొచ్చిన రోజున భ్రమరాంబ గారు ఇంట్లో పాయసం వండారు. మరి వాసనో అని ఎవరైనా అడిగితే, మొదటి పది నిమిషాలే అంటారు.

పిచ్చి ఆవిడది, ఆయన వట్టి డ్రైవరు. పద్నాలుగేళ్ళు ఈ చుట్టుపక్కలే సిటీ బస్సు నడిపి పోయినేడు రిటైరయ్యారు కనక డ్రైవరు అంటే ఆయనకేం చిన్నతనం లేదు. పాత డీజిలు కారుని గట్టు మీద మెల్లగా పోనివ్వడం, ఆవిడ ఆపమన్నచోట ఆపడం, ఫ్లాస్కులోంచి టీ వంచి ఇవ్వడం ఆయన పని. కారు దిగితే పిట్టలు లేచిపోతాయి, అందులోనే కూర్చుంటే పట్టించుకోవు. అందుకని చూడ్డమంతా కిటికీలోంచే.

మార్చి మొదటి ఆదివారం భ్రమరాంబ గారు కారు ఆపించి, బైనాక్యులర్స్‌లోంచి చాలాసేపు చూశారు. నీటి అంచున మూడొందల ఉల్లంకి పిట్టలు బురద పొడుచుకు తింటున్నాయి. ఒక్కోటీ పిడికెడు ఉండదు. ఏటా సైబీరియా నుంచి ఇక్కడికి ఎగిరొచ్చి, ఏప్రిల్లో మళ్ళీ అంతదూరమూ ఎగిరిపోతాయి. వాటిలో ఒకదాని కుడికాలికి గోరంత నారింజరంగు ప్లాస్టిక్ ముక్క ఉంది. ఏ పిట్ట ఎక్కడెక్కడ తిరుగుతోందో తెలియడానికి పరిశోధకులు తగిలించే గుర్తు అది. దాని మీద ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె. కె, ఏడు. ఆవిడ ఇంటికొచ్చాక గ్లెనిస్‌కి మెయిలు పెట్టారు.

గ్లెనిస్ ఇక్కడి వాలంటీర్ల చేత పక్షుల లెక్క తీయించే పెద్దావిడ, మంచి మనిషి. మర్నాడే బదులిచ్చింది. కె ఏడు అనే పిట్ట ఉన్నమాట నిజమే గాని ఆరేళ్ళుగా ఎవరికీ కనబడలేదట. అది బతికుంటే ఎంత సంతోషమో. కానీ అంత దూరం నుంచి ఆరితేరినవాళ్ళు కూడా తప్పు చదువుతారు కాబట్టి, ఫోటో లేకపోతే రికార్డులో 'నిర్ధారణ కాలేదు' అని రాయాల్సి వస్తుందట.

తప్పు చదవడం అన్నమాట భ్రమరాంబ గారికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఈ దేశం రాకముందు ఆవిడ రాజమండ్రి రైల్వే తపాలా ఆఫీసు ఆర్.ఎం.ఎస్.లో పదకొండేళ్ళు ఉత్తరాలు వేరుచేశారు. వానలో తడిసి సిరా పారిన అడ్రసుని, బస్సులో కూర్చుని రాసిన అడ్రసుని, సగం చిరిగిన అడ్రసుని ఒక్క చూపులో చదివి సరైన అరలో వేసేవారు. ఆ పదకొండేళ్ళలో ఆవిడ వేసిన ఉత్తరం తప్పు ఊరు వెళ్ళిందన్న ఫిర్యాదు ఒక్కటి రాలేదు. ఆవిడకి జీవితంలో గర్వం అంటూ ఉంటే అదొక్కటే.

ఆవిడ మెయిలు రెండుసార్లు చదివి, ఫోను బల్ల మీద బోర్లించి, మీరేమంటారని భర్తని అడిగారు. ఆయన ఏదో ఆలోచిస్తూ, "ఫోటో ఒకటుంటే ఈ గొడవ లేకపోను" అన్నారు. అనకూడని మాట అన్నానని వెంటనే తెలిసింది. కానీ మాట బస్సు కాదు కదా, రివర్సు గేరు వెయ్యడానికి. ఆ రాత్రి భోజనంలో అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, గోంగూర పచ్చడి మాత్రం రాలేదు. అడిగే ధైర్యం ఆయనకి లేకపోయింది.

దాంతో ఆయన కెమెరా కొన్నారు. భార్య మాట నిలబెట్టడానికే కొన్నానని ఆయన నమ్మకం. ఆ కెమెరా గొప్పతనమల్లా దాని కడుపులో ఉన్న నిలకడ యంత్రం. మన చెయ్యి ఎటు వణికితే లోపలి సెన్సారు దానికి ఎదురుగా జరిగి, బొమ్మ చెదరకుండా పట్టుకుంటుంది. ఎనిమిది స్టాపుల స్టెబిలైజేషన్ అని డబ్బా మీదే రాసుంది, స్టాపు అంటే ఆ నిలకడకి కొలత. ఆయన దానికి మామూలు చిన్న లెన్స్ తగిలించి, వంటింట్లో లైటు తీసేసి, చేత్తోనే పట్టుకుని, అరసెకను సేపు తెరిచి ఫోటో తీశారు. అలమరలో పొడి డబ్బాల మీద చీటీలు కూడా చక్కగా చదవొచ్చు. ఆ ఫోటోని సిడ్నీ దగ్గర స్కోఫీల్డ్స్‌లో ఉన్న కూతురు సృజనకి పంపితే, "నైస్ డబ్బాస్, డాడ్" అని బదులొచ్చింది. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద జమేసుకున్నారు.

దూరాన్ని దగ్గరకి లాగే పొడుగు లెన్స్ పక్కనే ఉన్న టార్నీట్‌లో అచ్యుత్ అనే కుర్రాడి దగ్గర పాతది దొరికింది. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే వరంగల్ అబ్బాయి. లెన్స్ అప్పగిస్తూ గుమ్మంలో అతనేదో జాగ్రత్త చెప్పాడు. సత్యనారాయణ గారు తలూపారు గాని చెవుల నిండా ఎనిమిది స్టాపులే ఉన్నాయి, ఇంకేం పట్టలేదు.

ఆ ఆదివారం మూడొందల పిట్టల్లో కె ఏడుని భ్రమరాంబ గారు ఇరవై నిమిషాల్లో పట్టేశారు. ఆయన లెన్సుని కిటికీలోంచి బయటికి పెట్టి, నిలకడ ఉంది కదా అన్న భరోసాతో కెమెరా షట్టరుని అతి నెమ్మది వేగంలో ఉంచి, ఎనభై ఫోటోలు తీశారు. ఇంటికొచ్చి టీవీలో వేస్తే సగం ఫోటోలు మొత్తంగా అలికేసినట్టున్నాయి. మిగతా సగంలో ఒడ్డున గులకరాళ్ళు ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు. పిట్ట ఉండాల్సినచోట మాత్రం పిండిచేత్తో తుడిచిన మరక ఉంది. అది కుట్టుమిషను సూదిలా బురదని పొడుస్తూనే ఉంటుంది, ఒక్క క్షణం నిలబడదు.

"రాళ్ళు బాగా వచ్చాయండీ" అన్నారు భ్రమరాంబ గారు.

ఆయన బయటికెళ్ళి అచ్యుత్‌కి ఫోన్ చేశారు. అచ్యుత్ గుమ్మంలో చెప్పిందే ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు. చిన్న లెన్స్‌తో కెమెరా నిలకడ అద్భుతంగా పనిచేస్తుంది. పొడుగు లెన్స్ దూరాన్ని ఎన్నింతలు లాగుతుందో చేతి వణుకుని కూడా అన్నింతలు చేస్తుంది. దాన్ని సరిదిద్దాలంటే సెన్సారు ఎంతో దూరం జరగాలి, అంత చోటు లోపల లేదు. లెన్స్‌లోనే ఒక స్టెబిలైజర్ ఉంటే సాయం వచ్చేది, ఈ పాత లెన్స్‌లో అదీ లేదు.

"ఇంకోటి అంకుల్," అన్నాడు చివర్లో. "కెమెరా మీ చెయ్యిని పట్టుకుంటది గని పిట్టని పట్టుకోదు. స్పీడ్ పెంచుండ్రి."

తరవాతి ఆదివారం షట్టరు స్పీడు పెంచారు. భ్రమరాంబ గారు ఇంట్లోంచి రెండు కిలోల కందిపప్పు సంచీ తెచ్చి, కిటికీ అంచున పెట్టి దానిమీద లెన్స్ ఆనించమన్నారు. ఇంత ఖరీదైన టెక్నాలజీ చేతిలో పెట్టుకుని పప్పు సంచీయా అని ఆయన నవ్వి వెనకసీట్లో పడేశారు. కారు వణుకుతోంది, ఇంజను ఆపమని కూడా ఆవిడ అన్నారు. పొద్దున్నే చలి, హీటరు ఉండాలన్నారాయన. పైగా కారు వణకడం ఏమిటి, ఎక్కడ వణుకుతోందని ఆయన స్టీరింగు మీద అరచెయ్యి పెట్టి చూశారు. ఏమీ తెలియలేదు. ఒకవేళ వణికినా కెమెరా చూసుకుంటుందన్నారు. 

ఈసారి పిట్ట పిట్టలాగే వచ్చింది, మరక కాదు. కానీ ప్రతి గీతకీ పక్కన ఇంకో గీత ఉంది. కాలి ముక్క మీద ఉన్న అక్షరం కె కావచ్చు, ఎక్స్ కావచ్చు, ఆర్ కావచ్చు. పక్కనున్నది ఏడు కావచ్చు, ఒకటి కావచ్చు. ఆయన టీవీ దగ్గరికెళ్ళి చూశారు, దూరంగా జరిగి చూశారు, కళ్ళజోడు తీసి చూశారు. లోపల ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది, నిజంగానే కె కాకపోతే ఏమిటని. ఆ ఆలోచన ముఖంలోకి వచ్చిందేమో, భ్రమరాంబ గారు టీవీ వైపు కాక ఆయన వైపు చూసి లోపలికి వెళ్ళిపోయారు.

మూడో ప్రయత్నం ఏప్రిల్లో ఒక ఆదివారం. పిట్టల మెడలు ఇటుకరంగు తిరిగి, ఒళ్ళు బలిసి, ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి. ఇవాళో రేపో లేచిపోతాయని, ఈ ఏటికి ఇదే ఆఖరని ఇద్దరికీ తెలుసు. అప్పటికే మూడొందలు వంద అయ్యాయి. గంటన్నర వెతికాక కె ఏడు దొరికింది, గట్టుకి బాగా దగ్గరగా. సత్యనారాయణ గారు కెమెరా ఎత్తబోయారు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"ఏవండీ, మీకు తెలీటం లేదు. పద్నాలుగేళ్ళు ఇంజను మీదే కూచున్నారు, ఆ వణుకు మీ ఒంట్లో కలిసిపోయింది. నాకు పళ్ళల్లోకి తెలుస్తోందండీ. ఈ ఒక్కసారికి నామాట నమ్మండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయన వాదించేవారే. ఆయన తాళం తిప్పారు.

ఇంజను ఆగింది. ముందు ఆయన చేతులు, తరవాత వీపు, తరవాత అరికాళ్ళు ఒక్కోటీ చల్లబడ్డట్టు నిలిచాయి. అప్పుడు తెలిసింది ఇంతసేపూ ఎంత వణుకులో కూర్చున్నారో. రోజంతా బస్సు నడిపి ఇంటికొచ్చాక కూడా కుర్చీలో మోకాలు ఆడించేవారు, ఆవిడ వచ్చి మోకాలి మీద చెయ్యి వేసేవరకూ ఆగేది కాదు. ఆయన వెనకసీట్లోంచి కందిపప్పు సంచీ అందుకుని, కిటికీ అంచున సర్ది, దానిమీద లెన్స్ ఆనించారు. చేతి సన్నటి ఊపుని కెమెరా పట్టుకుంది, బరువుని పప్పు మోసింది. పిట్ట ఒక పీతపిల్లని మింగడానికి తల ఎత్తి, అరక్షణం ఆగింది. ఆయన నొక్కారు.

తెరమీద బొమ్మని పెద్దది చేస్తే నారింజరంగు మీద నల్లగా, ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్ర కంటే స్పష్టంగా ఉంది. కె, ఏడు. ఆయన ఆనందం పట్టలేక కెమెరాని ఆవిడ ముందు పెట్టి చూడమన్నారు.

భ్రమరాంబ గారు చూడలేదు. "మీరు చూడండి" అన్నారు. "నేను మార్చిలోనే చూశాను."

సత్యనారాయణ గారికి సిగ్గేసింది, ఆ వయసులో అంత సిగ్గు వేస్తుందని ఆయన అనుకోలేదు. గ్లెనిస్‌కి ఫోటో కావాలంటే అర్థముంది, ఆవిడకి భ్రమరాంబ ఎవరో పెద్దగా తెలియదు. ముప్పయ్యేళ్ళు కాపురం చేసినవాడికి ఎందుకు కావలసివచ్చింది? ఈ నెలరోజులూ భార్య మాట నిలబెడుతున్నానని కెమెరా భుజానేసుకు తిరిగారు. తన మాట నమ్మాలని ఆవిడ కోరుకున్న మనిషి ఒక్కడే, వాడు కారులో పక్కనే కూర్చుని ఫోటో కోసం చూస్తున్నాడు.

"మొదటి రోజే నమ్మాల్సింది భ్రమరా," అన్నారు. "బుద్ధి గడ్డి తింది."

"పోన్లెండి, టీ ఇవ్వండి" అన్నారావిడ. కళ్ళు తుడుచుకోవడానికి బైనాక్యులర్స్ అడ్డం పెట్టుకున్నారు.

టీ తాగుతూ ఆవిడ అలవాటు కొద్దీ అవతలి గట్టు వైపు చూశారు. చూస్తూ చూస్తూ గ్లాసు పక్కన పెట్టారు. ఆయన ఏమిటని అడిగితే ఇంకో నారింజరంగు కాలు ఉందన్నారు. ఎక్కడని ఆయన వెతికారు. మామూలు కళ్ళకి అక్కడ బురద తప్ప ఏమీ లేదు. లెన్స్ పెట్టి చూసినా బురదే.

"ఎందుకులెండి, బాగా దూరం. ఫోటో రాదు" అన్నారు భ్రమరాంబ గారు.

సత్యనారాయణ గారు కెమెరాని పప్పు సంచీతో సహా వెనకసీట్లో పెట్టేసి, గ్లెనిస్ ఇచ్చిన లెక్కల కాగితం మోకాలి మీద పరుచుకుని, పెన్ను తీశారు.

"నువ్వు చదువు, నేను రాస్తా."

ఆవిడ బైనాక్యులర్స్ దించి ఆయన ముఖం వైపు ఒకసారి చూశారు. మళ్ళీ ఎత్తి, తొందరపడకుండా, ఒక్కోటీ విడిగా చదివారు. హెచ్, నాలుగు.

ఆయన రాశారు. చూసినవారు అన్నచోట భ్రమరాంబ అని పూర్తిగా రాశారు. కింద సాక్షి అన్న గడి ఉంది. ఆ పిట్ట ఆయనకి చుక్కంత కూడా కనబడలేదు. అయినా తన పేరు అంత పొడుగూ ఆ గడిలో ఇరికించి సంతకం పెట్టారు.