తడి చెక్కల బాయిలర్

ఆ బాయిలర్ చెక్కముక్కలతో మండుతుంది. ఊళ్లో సగం ఇళ్లకి కరెంటూ, ఆసుపత్రికి వేడినీళ్లూ దాని చలవే. పదకొండేళ్లుగా దాన్ని నడుపుతున్న ఆపరేటర్‌ని అందరూ అగ్గి బాబాయ్ అంటారు. ముక్కల్ని గుప్పెట్లో పిసికి తడి ఎంతుందో చెప్పేస్తాడు. ఆ కిటుకు మాత్రం ఎవరికీ నేర్పలేదు. "నేను లేకపోతే దీనికి దిక్కెవరు?" అని మీసం మెలేస్తూ తిరిగాడు.

ఆ మాటే చివరికి మెడకి చుట్టుకుంది. భార్యా కూతురూ వేరే ఊళ్లో ఉండబట్టి ఆరేళ్లు. బదిలీ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మేనేజరు, "నువ్వెళితే ఇది ఆగిపోతుందయ్యా!" అని ఆపేశాడు. ఇది మూడోసారి. ఇవాళ ఐదింటిలోగా ఇక్కణ్ణించి కదలకపోతే అక్కడి ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అందుకే బెట్టు మానేసి, కొత్తగా చేరిన అమ్మాయిని నెలరోజులు పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పాడు. తన దాకా వస్తే గానీ నోరు విప్పలేదు మహానుభావుడు.

నాలుగున్నరకి మేనేజరు గొణుక్కుంటూనే రిలీవింగ్ కాగితం మీద సంతకం పెట్టాడు. బాబాయ్ దాన్ని జేబులో పెట్టుకుని, సంచి భుజాన తగిలించుకుని గేటు దాకా వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లక వెనక్కి తిరిగి చూశాడు. చిమ్నీలోంచి తెల్లటి పొగ, చిక్కగా వస్తోంది. తడి సరుకు పడిందన్నమాట!

ఇంకేముంది, ఒక్క పరుగున లోపలికొచ్చి, కొత్తమ్మాయిని పక్కకి నెట్టేసి, ముక్కలు పడకుండా ఆపేసి, గాలి పూర్తిగా తెరిచాడు. తడి సరుక్కి అదే మందు.

"అయ్యో, వద్దు బాబాయ్! తడివి ఎప్పుడో ఆపేశా. ఇప్పుడు పడుతున్నవి ఎండువే!"

అప్పుడు గానీ గుప్పెట్లోకి తీసుకుని చూడలేదు. నిజమే, గలగలలాడుతున్నాయి. ఆ పొగ ఇందాకటి తడి తాలూకుది. తను ఆపకపోతే పది నిమిషాల్లో అదే సర్దుకునేది. ఇప్పుడు మాత్రం, ఉన్న కాస్త నిప్పూ ఆ గాలికి భగ్గుమని మండి చప్పున చల్లారింది. ఆవిరి పడిపోయింది, టర్బైన్ మూలుగుతూ ఆగిపోయింది, గదిలో లైట్లు పోయాయి.

మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "చెప్పానా? నువ్వటు వెళ్లావో లేదో ఆర్పేసి కూర్చుంది! ఏదీ ఆ కాగితం, ఇలా ఇవ్వు."

"నేనే ఆర్పాను సార్, ఆమెకి పని వచ్చు" అంటే చాలు, బస్సెక్కేయొచ్చు. కొత్తమ్మాయి అతని మొహంలోకే చూస్తోంది. బాబాయ్ చెప్పబోయాడు కూడా. కానీ పదకొండేళ్లలో అతని చేతిలో నిప్పు ఆరిందన్నవాడు లేడు. ప్రాణం పోయినంత సిగ్గేసింది. జేబులోంచి కాగితం తీసి ఇచ్చేశాడు.

అంతలో ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, బయల్దేరారా? మనమ్మాయి బస్టాండుకి తనే వస్తానంటోంది."

"లేదే. ఈ కొత్తమ్మాయికి ఇంకా పని రాలేదు," అన్నాడు, ఆ పిల్ల వింటుండగానే.