మేయర్ గారి ఆకలి

మా బడి ఆవరణలో మూడు చినారు చెట్లు ఉండేవి. మున్సిపాలిటీ కార్లు నిలపడానికి చోటు కావాలని మేయర్ స్టెర్యోస్ బలాఫాస్ గారు మార్చిలో రెండింటిని కొట్టించారు. మున్సిపాలిటీకి ఉన్నవి నాలుగు కార్లు. రంపం చెడిపోవడంతో మూడో చెట్టు ఈస్టర్ తర్వాతకు వాయిదా పడింది.

ఆ వారమే జిల్లా నుంచి బడుల సలహాదారు క్లియోనికి గారు రంగురంగుల కాగితాలతో దిగింది. మూడో తరగతికి పురాణాలు చెప్పేది పోలిక్సేని. నేను పక్క గదిలో ఐదో తరగతికి లెక్కలు చెబుతాను. మధ్య గోడ పలచన.

"పురాణం చెప్పేసి ఊరుకుంటే ఎలాగమ్మా? అది ఇవాళ ఎందుకు పనికొస్తుందో పిల్లలకి తెలియొద్దూ?" అంది సలహాదారు. "కథ అవగానే ఈ గడి నింపించండి. 'ఈ కథ నా చుట్టూ ఎక్కడ కనిపిస్తోంది?'"

"మొగుడు జియస్ మీద హీరా అలిగిన కథక్కూడానా?"

"అది కుటుంబంలో సామరస్యం."

"మరి క్రోనోస్ కన్నపిల్లల్ని మింగేశాడు కదండీ?"

క్లియోనికి గారు కాగితాలు అటూ ఇటూ తిరగేసింది. "పోషకాహారం."

పోలిక్సేని ఇరవై ఆరేళ్లుగా దేవతలను వాళ్ల కోపాలతో, రంకులతో సహా ఉన్నదున్నట్టు చెబుతున్న మనిషి. అలాంటిది ఆ రోజు బుద్ధిగా తల ఊపింది. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మర్నాడు ఆమె ఎరిసిఖ్తోన్ కథ ఎత్తుకుంది. అతను మా థెస్సలీ ప్రాంతం వాడే. విందుల కోసం పెద్ద హాలు కట్టుకోవాలని పంటల దేవత దిమీత్ర తోపులో చెట్టు మీద గొడ్డలి వేశాడు. దేవత పూజారిణి వేషంలో వచ్చి, వద్దు నాయనా అంది. అడ్డం వస్తే నిన్నూ నరుకుతా అన్నాడు. "అలాగే కట్టుకో, విందుల అవసరం నీకు చాలానే పడుతుంది" అని దేవత అతని కడుపులో తీరని ఆకలి పెట్టింది. మందలు తిన్నాడు, గుర్రాలు తిన్నాడు, ఇంట్లో పిల్లిని కూడా వదల్లేదు. కన్నకూతురిని అమ్ముకుని తిన్నాడు. ఇంకేమీ మిగలక, తన కాళ్లూ చేతులూ తానే కొరుక్కు తిన్నాడు.

గోడకి ఇవతల నా పిల్లలు కూడా భాగహారం సగంలో ఆపేసి వింటున్నారు.

తర్వాత గడి నింపారు. పదిహేడు మందీ ఒకే పేరు రాశారు.

"నేనొక్క మాట అంటే ఒట్టు," అంది పోలిక్సేని నాతో. "కిటికీ తెర కాస్త పక్కకి లాగానంతే."

పిల్లలకు మేయర్ మీద కోపం రాలేదు, జాలి వేసింది. బేకరీ వాళ్ల అమ్మాయి జహరూలా అందరినీ పోగేసింది. "పాపం, ఆయనకి ఈ కథ తెలీదు. ఆకలి మొదలైపోయే ఉంటుంది."

శుక్రవారం మేయర్ గారు పిల్లలకు టోపీలు పంచడానికి వచ్చారు. వెంట సలహాదారు, ఊరి పత్రిక ఫొటోగ్రాఫరు. పిల్లలు వరసగా నిలబడి చీజు కూరిన తిరోపితలు, నువ్వులద్దిన కులూరీ రొట్టెలు, ఉడికించిన గుడ్లు, హల్వా ముక్కలు అందించారు. మేయర్ గారి కళ్లు చెమర్చాయి. అన్నీ తిన్నారు.

"ఇంకా ఆకలేస్తోందా?" అని అడిగింది జహరూలా.

"మీరు పెడితే ఎంతైనా తింటానురా బంగారం!"

వెనక వరసలో ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. జహరూలా ముందుకొచ్చి మేయర్ గారి చెయ్యి పట్టుకుని వేళ్లు లెక్కపెట్టింది. రెండో చెయ్యి కూడా.

"పదీ ఉన్నాయి టీచర్. ఇంకా మొదలెట్టలేదు."

"ఏం మొదలెట్టలేదమ్మా?"

"మిమ్మల్ని మీరు తినడం. ముందు మీ అమ్మాయిని అమ్మాలిగా, టైముందిలెండి. అందాకా మేం రోజూ తెస్తాం."

పిల్లలు గడి నింపి గోడకు అంటించిన కాగితాలను ఫొటోగ్రాఫరు అప్పటికే పైకి చదవడం మొదలుపెట్టాడు. నాలుగోది పూర్తయ్యేసరికి మేయర్ గారి మొహం బీట్‌రూట్ అయింది.

"ఏంటిది పోలిక్సేనీ? పిల్లల చేత నన్ను తిట్టిస్తావా?"

"కథ రెండువేల ఏళ్ల పైమాటేనండీ, అందులో మీ పేరు లేదు," అంది పోలిక్సేని. "గడి మాత్రం మేడమ్ గారిది."

క్లియోనికి గారు టోపీలు లెక్కపెడుతూ నిలబడింది.

ఆ తర్వాత మేయర్ గారు కాఫీ కొట్లో అడుగుపెడితే చాలు, అడక్కుండానే ఎవరో ఒకరు ప్లేటు ముందుకు తోసేవారు. ఈస్టర్ వెళ్లింది, రంపం బాగయింది. పట్టుకునేవాడే దొరకలేదు. పనివాళ్లందరికీ ఒకేసారి నడుం నొప్పి వచ్చింది. వాళ్ల పిల్లలు మా మూడో తరగతిలోనే ఉన్నారు.

జూన్‌లో కొత్త ఉత్తర్వు వచ్చింది. పురాణాలను వర్తమానంతో ఎంతమాత్రం ముడిపెట్టరాదు. కింద క్లియోనికి గారి సంతకం. పోలిక్సేని దానికి ఫ్రేమ్ కట్టించి క్లాసులో తగిలించింది. ఇరవై ఆరేళ్లుగా ఆమె కోరుకున్నదీ అదే.

అక్టోబరు ఎన్నికల్లో మేయర్ గారే మళ్లీ గెలిచారు. కూడలిలో పన్నెండు గొర్రెలు కాల్పించి విందు ఇచ్చారు. ఊరంతా వెళ్లింది. నేనూ వెళ్లాను. మాంసం చాలా బాగా కాలింది, రెండోసారి కూడా పెట్టించుకున్నాను.