మందతో వెళ్లిన ఫోను

రామనర్సయ్య ఎడమచేత్తో గొర్రె కంటిరెప్పను పైకెత్తి పట్టుకుని, కుడిచేతిలోని ఫోనును ఆ కంటికి దగ్గరగా తెచ్చాడు.

“కనవడుతుందా సారూ?”

మిర్యాలగూడలో ఉన్న పశువుల డాక్టరు వీరేశం ఫోనులోంచే ఆ కంటిని పరీక్షగా చూశాడు.

“జర ఎండ దిక్కు తిప్పు. ఆఁ, తెల్లగ పాలిపోయింది. ఇగ దవడ కింద చూపియ్యి.”

అక్కడ నీరు దిగి, చిన్న సంచిలాగా వేలాడుతోంది.

“ఈ వాపు ఎప్పటిసంది?”

“నిన్న పొద్దుగాల లేదు సారూ. పొద్దుమీకి మేత కాడ ఎనకవడ్డది. మందల పండుకున్నంక నెమరు గూడ వెయ్యలే. ఇయ్యాల లేసి సూస్తే గిట్లున్నది.”

“మంచిగ కనిపెట్టినవ్. కాల్వ పక్క బురదల మేపుతున్నరు గదా, కార్జంల జలగలు చేరినయి. మందు పేరు పంపిస్త, త్రిపురారంల దొరుకుతది. ఇంకో దినం ఆలస్యమైతే గొర్రె చేతికి రాకపోతుండె. తాపినంక మళ్ల నాకు చూపియ్యి.”

రామనర్సయ్య పొంగిపోయాడు. వానాకాలపు వరి కోతలు ముగియగానే తిరుమలగిరి మెట్టల నుంచి మందను తోలుకుని ఈ కాల్వ కింది పొలాలకు దిగడం వాళ్ల తాతలనాటి అలవాటు. కోసిన మళ్లలో గొర్లకు మేత దొరుకుతుంది, మంద పడుకున్న మడికి ఎరువు దొరుకుతుంది. కాని మునుపు ఒక గొర్రెకు జబ్బు చేస్తే భుజాన వేసుకుని డాక్టరును వెతుక్కుంటూ పోవాల్సి వచ్చేది. దారిలోనే ప్రాణం పోయేది. ఇప్పుడు డాక్టరే అరచేతిలోకి వచ్చి కూర్చున్నాడు. “దవాఖాననే మంద కాడికొచ్చిందిరా,” అని తోటి కాపరి మంగయ్యతో రోజుకొక్కసారైనా అంటాడు.

అయితే ఆ ఫోను రామనర్సయ్యది కాదు. నెలలు నిండుతున్న కోడలు నాగరాణిది.

మంద బయలుదేరే రోజున తన చిన్న ఫోను పనికిరాదని అతనే అడిగాడు. “గొర్లకు పానం బాగలేకుంటే డాక్టరుకు సూపియ్యాలె గద బిడ్డా. ఇంట్ల ఉండేదానికి నీకు పెద్ద ఫోనెందుకు? అత్త ఫోను ఉండనే ఉన్నది.”

నాగరాణి కొంగుతో ఫోను తుడిచి అతని చేతికిచ్చింది. ఒక్కమాట మాత్రం అంది. “దవాఖాన మేడం దీనికే చేస్తది మామా.”

“చేస్తే నేను మాట్లాడనా?” అన్నాడు రామనర్సయ్య.

అతను చెడ్డవాడు కాదు. కోడలికి ఇష్టమని తిరుమలగిరి అంగడికి పోయినప్పుడల్లా జామకాయలు కట్టించుకుని వచ్చే మామ. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ తప్పు జరుగుతున్నట్టు అనిపించలేదు. నిజం చెప్పుకుందాం, మన ఇళ్లలోనూ ఎవరికీ అనిపించదు.

ఆ దవాఖాన మేడం పేరు ఉమ. సూర్యాపేటలోని ఒక ఆస్పత్రిలో నర్సు. పల్లెల్లోని గర్భిణులకు వారం వారం ఫోన్ చేసి బాగోగులు అడగడం ఆమె పని. జవాబులో ఏ మాత్రం అపాయం కనిపించినా ఆ ఊరి ఆశ కార్యకర్తకు వెంటనే కబురు వెళుతుంది, అవసరమైతే అంబులెన్సు బండి గడపలోకే వస్తుంది. ఏర్పాటంతా బాగుంది. అది నడవడానికి కావలసింది ఒక్కటే, అవతల ఫోనెత్తిన మనిషి నిజం చెప్పడం.

వీరేశం డాక్టరుతో మాటలు ముగిసిన కాసేపటికే ఉమ ఫోను వచ్చింది.

“నమస్తే తాతా, దవాఖాన నుంచి ఉమను. నాగరాణి ఉన్నదా?”

“ఉన్నది బిడ్డా, పనిల ఉన్నది. నాకు జెప్పు.” తాను త్రిపురారంలో, ఆమె తిరుమలగిరి పక్క ఊళ్లో ఉన్న సంగతి అతను చెప్పలేదు.

“తలనొప్పి ఏమన్న ఉందా? కళ్లు మసకలు కమ్ముతున్నయా? ముఖానికి, చేతులకు వాపున్నదా?”

రామనర్సయ్య నాలుక చివరి దాకా వచ్చింది మాట. నిన్న సాయంత్రమే భార్య మైసమ్మ ఫోన్ చేసి చెప్పింది. “కోడలు తలకాయ పలుగుతుందంటుంది. మొఖం గూడ ఉబ్బినట్టే ఉన్నది. ఆ మేడం చేస్తే జర జెప్పుమన్నది.”

కాని అతని చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. కడుపుతో ఉన్న ఆడమనిషి ఎట్లుందని బయటివాళ్లు అడిగితే మంచిమాటే అనాలి. బాగాలేదని నోరుజారితే దిష్టి తగులుతుందని వాళ్లమ్మ అనేది. పైగా కుయ్ కుయ్‌మంటూ బండి వచ్చి గడపలో నిలబడితే వాడంతా గుమిగూడుతుంది. ఇదంతా ఎందుకనుకున్నాడు.

“మంచిగున్నది బిడ్డా. ఏ రందీ లేదు. కడుపునిండ తింటుంది.”

“ఈ మధ్య ఎప్పుడు చేసినా మీరే ఎత్తుతున్నరు తాతా. ఒక్కసారి ఆమెకే ఇస్తే బాగుంటది.”

“నేనైతేంది, ఆమైతేంది? ఇంటి మనిషినే గద.”

ఉమకు తృప్తి కలగలేదు. అయినా పెద్దాయన అంత ధీమాగా చెబుతుంటే ఇంకేమనగలదు? అపాయం లేదని రాసుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి గొర్రె తల ఎత్తి మేత అందుకుంది. ఆ సంతోషంలో మిగిలిన మందు సీసాను జేబులో వేసుకుంటూ ఉండగా కొడుకు ధర్మేందర్ ఫోన్ చేశాడు. కోదాడ వైపు వరికోత మిషన్ నడుపుతాడతను.

“నాయినా, నాగరాణి పత్తి చేన్ల పడిపోయిందట! ఫిట్స్ వచ్చినయట. అమ్మ సూర్యాపేటకు తీస్కపోతుంది. నేను బయలెల్లిన, నువ్వు గూడ జల్ది రా!”

మందను మంగయ్యకు అప్పగించి, రామనర్సయ్య మిర్యాలగూడకు పరుగెత్తాడు. అక్కడ సూర్యాపేట బస్సు ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడే గాని ఏ ఊరు దాటిందో అతనికి తెలియలేదు. తెలిసిన దేవతలందరికీ మొక్కుకున్నాడు. ఉమతో తాను అన్న మాట మాత్రం ఎంత తోసేసినా పోలేదు.

ఆస్పత్రి వరండాలో మైసమ్మ గోడకు ఆనుకుని కూలబడి ఉంది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, బరువు చాలక అద్దాల పెట్టెలో పెట్టారు. నాగరాణికి ఇంకా స్పృహ రాలేదు. పేషెంటు పేరు చూసి గుర్తుపట్టిన ఉమ, పై అంతస్తు నుంచి దిగి వచ్చింది.

“తలనొప్పి ఎన్నాళ్ల సంది?” అని అడిగింది.

అప్పటికే కోదాడ నుంచి వచ్చిన ధర్మేందర్ తల్లి వైపు చూశాడు. మైసమ్మే చెప్పింది. “వారం దాటింది బిడ్డా. కానుపు ముందట కాళ్లు వాస్తయి, తల నొస్తది, నాకు రాలేదా అనుకున్న. అయినా ఈయనకు జెప్పిన. నీకు జెప్పుమని జెప్పిన.”

అందరూ రామనర్సయ్య వైపు చూశారు.

“తాతా, నిన్ననే గద అడిగిన,” అంది ఉమ. ఆమె గొంతులో కోపం లేదు, అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. “బీపీ పెరిగితే గా గుర్తులే కనిపిస్తయి. అవునని ఒక్కమాటంటే నిన్ననే ఆశక్క మీ ఇంటికొచ్చేది. ఫిట్స్ దాకా రానియ్యకపోదుము.”

“మంచిమాటనే అనాలంటరు గద బిడ్డా...” అన్నాడతను.

అంతలో చేతిలోని ఫోను మోగింది. వీరేశం డాక్టరు. “ఏం రామనర్సయ్యా, గొర్రె ఎట్లున్నది? ఇయ్యాల చూపియ్యలేదేంది?”

“బతికింది సారూ,” అని రామనర్సయ్య అక్కడే కూలబడి బావురుమన్నాడు. జేబులోంచి మందు సీసా జారి పక్కన దొర్లింది. “నోరులేని గొర్రెకు రెప్పలు గూడ తెరిచి చూపిచ్చిన సారూ. నోరున్న బిడ్డ నొప్పైతుందని చెప్పి పంపితే, మంచిగున్నదని నేనే ఆమె నోరు మూసిన.”

అవతల వీరేశానికి ఏమీ అర్థం కాలేదు. వరండాలో ఉన్నవాళ్లకు మాత్రం అంతా అర్థమైంది. మైసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నాగరాణి మరునాడు కళ్లు తెరిచింది. తెరిచినా చూపు మసకగానే ఉంది, మెల్లగా తిరిగి వస్తుందని డాక్టర్లు ధైర్యం చెప్పారు. మంచం పక్కన ఎవరో నిలబడ్డట్టు పోల్చుకుని, “మామనా?” అంది.

రామనర్సయ్య ఫోనును ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. ఆమె దాన్ని తడిమి చూసుకుంది.

“మరి గొర్లకెట్ల మామా?”

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. ఆ ఇంట్లో ఏది ముందో, ఏది వెనకో ఆమెకు అట్లాగే నేర్పారు మరి. తిట్టినా భరించేవాడేమో గాని, రామనర్సయ్య ఆ మాట తట్టుకోలేకపోయాడు.

“గొర్లకు నేను వేరే తెచ్చుకుంట బిడ్డా. ఇది నీది. ఇగ దీన్ని ఎవ్వలికియ్యకు, నేనడిగినా ఇయ్యకు.”

చూపు తేటపడి, అద్దాల పెట్టెలోని పిల్ల తల్లి పొత్తిళ్లలోకి వచ్చి, నాగరాణి ఇల్లు చేరిన రోజున మంగయ్య చూడటానికి వచ్చాడు. మందను తన తమ్ముడికి అప్పగించి వచ్చానన్నాడు. అతనూ రామనర్సయ్యా తలుపు దగ్గర మాట్లాడుకుంటుండగా నాగరాణి దిండు పక్కన ఫోను మోగింది. అలవాటు కొద్దీ రామనర్సయ్య చేయి చాచి, మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు.

“ఆఁ, మేడం, నాగరాణినే మాట్లాడుతున్న,” అంది ఆమె. “తలనొప్పి తగ్గింది. కుట్ల కాడ సలుపుతుంది. పాలు చాలుతలేవేమో అనిపిస్తుంది.” ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. తన నొప్పులన్నీ ఓపిగ్గా వినే మనిషి దొరికినందుకు ఆమె ముఖం తేరుకుంది.

మంగయ్య గొంతు తగ్గించి అన్నాడు. “మా కోడలుకు గూడ మూడో నెల. ఆమె ఫోను మంద కాడనే ఉన్నదే.”

రామనర్సయ్య అతని భుజం మీద చేయి వేశాడు. “ఇయ్యాలనే పోయి ఇచ్చెయ్యి మంగయ్యా. ఎంత పెద్ద దవాఖాన ఫోన్లకొచ్చినా, ఆ ఫోను ఆడిబిడ్డ చేతికి రాకుంటే వచ్చి ఏం ఫాయిదా? ఎవల పానం సంగతి వాళ్ల నోటితోనే చెప్పనియ్యాలె.”