పళ్ళు రాని ఆల్చిప్పలు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. సముద్రం అడుగున మూడువేల మీటర్ల లోతులో ఏముందో ఆయనకు తెలుసు, బీరువా రెండో అరలో ఏముందో తెలియదు. తువ్వాలు కోసం రోజూ నన్ను పిలుస్తారు. నేను వెళ్ళి, ఆయన ముక్కు కిందే ఉన్నదాన్ని తీసి చేతికిస్తాను. అలాంటి మనిషిని లోకం శాస్త్రవేత్త అంటుంది. వెతికిపెట్టేదాన్ని ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు.

ఆయన పనిచేసే మ్యూజియం నుంచి తెచ్చే సముద్రపు బురద సీసాల్లో వెతికేదీ నేనే. వంట అయ్యాక భోజనాల బల్ల తుడిచి, ఓ చివర మైక్రోస్కోపు పెట్టుకుని, నువ్వుగింజంత ఆల్చిప్పల్ని సన్నటి బ్రష్షు కొసతో ఏరతాను. రెండు చిప్పలూ కలిసే కీలు దగ్గర వాటికి వరసగా పళ్ళుంటాయి. ఆ వరస చూసే ఏది ఏ జాతో చెప్పాలి. పదకొండేళ్ళుగా లెక్కపెడుతున్నాను. "పప్పులో రాళ్ళేరే చెయ్యి కదా, నీకిది ఆటలా ఉంటుంది," అంటారాయన, మెచ్చుకోలుగానే. జంతుశాస్త్రంలో నాకొచ్చిన ఫస్టుక్లాసు సర్టిఫికెట్ కూడా ఆ బీరువాలోనే ఉంది. అదీ ఆయనకు కనిపించదు. పెళ్ళైన కొత్తలో ఇదే మ్యూజియం నుంచి నాకు ఉద్యోగం ఉత్తరం వస్తే మా అత్తగారు, "ఇద్దరూ వెళ్ళి సముద్రంలో పడితే ఇల్లెవరు చూస్తారమ్మాయ్?" అన్నారు. అందరూ నవ్వారు. మర్యాదకి నేనూ నవ్వాను.

ఆ పోస్టు మళ్ళీ పడింది. నమూనాలు గుర్తించే పని. వయసు హద్దు దాటడానికి నాకింకా నాలుగు నెలలున్నాయి. ఇదే ఆఖరు. దరఖాస్తు పంపిన నాటి నుంచి పొయ్యి మీద పాలు పొంగినా తెలియడం లేదు. ఇది రాకపోతే ఈ బల్ల చివరే ముసలిదాన్నవుతాను. కళ్ళు పోయాక ఆ బురద కూడా నాకివ్వరు. ఎవరితో చెప్పుకోను? కుళాయి గట్టిగా తిప్పి, ఆ చప్పుడులో రెండుసార్లు ఏడ్చాను. మూడోసారికి నీళ్ళు రాలేదు.

ఈలోగా ఆయన కొత్త జాతిని కనిపెట్టారు. కీలు మీద నాలుగే పళ్ళున్న బుల్లి ఆల్చిప్ప.

"ఏవండీ, అది కొత్తది కాదు. మనకు తెలిసినదాని పిల్లే. పెరిగేకొద్దీ పళ్ళు పెరుగుతాయి," అన్నాను. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా అరవై చిప్పలు గాజుపలక మీద వరసగా పేర్చి మరీ పిలిచాను. ఆయన వంగి చూడనైనా లేదు.

"నువ్వు ఏరు. పేర్లు నేను పెడతాను."

"బోసినోటి పసిపాపని చూసి వేరే వంశమంటే ఎలాగండీ?"

అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "వాడికి తెలీదా ఏంటి? పోయి టీ పెట్టు."

ఇవాళ మధ్యాహ్నం మ్యూజియం డైరెక్టరమ్మ ఫోన్ చేశారు. ఆయన భోజనం మధ్యలో ఉండి స్పీకరు నొక్కారు.

"మీ కొత్త జాతిని చూశాను. అది పిల్ల కదండీ! ఇంత పొరపాటు ఎలా జరిగింది?"

ఆయన నీళ్ళు తాగారు. "ఏరి వేరుచేసేది మా ఆవిడే మేడం. చూసుకోకుండా పిల్లని వేరే జాతనుకుని పక్కన పెట్టుంటుంది."

ఆ పనిలో నా ప్రస్తావన రావడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"అయ్యో, ఆవిడ దరఖాస్తు నా ముందే ఉంది," అన్నారావిడ. కాగితం పక్కకి జరిపిన చప్పుడు వినిపించింది.

అరవాలనుకున్నాను. కాళ్ళు మాత్రం అలవాటుగా, ఆయన గ్లాసులో నీళ్ళయిపోయాయని లేచాయి. సగం దారిలో ఆగాను. బల్ల చివరికి వెళ్ళి, ఆ గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి, ఆయన కంచం పక్కకి నెట్టి, మైక్రోస్కోపుని ఆయన ముందుకు జరిపాను.

"లెక్కపెట్టండి," అన్నాను. "పైకి. మేడం వింటున్నారు."

"ఇప్పుడా? అన్నం మధ్యలోనా?"

"నేను పొయ్యి మీద కూర పెట్టుకుని లెక్కపెడతాను."

"కానివ్వండి," అంది ఫోను.

ఆయన వంగారు. "నాలుగు... ఆరు... తొమ్మిది..." ఒక్కో చిప్పకీ పలకను జరుపుతున్నారు. పదమూడు దగ్గర గొంతు తగ్గింది. ఇరవై దగ్గర ఆగిపోయింది. నాలుగుకీ ఇరవైకీ మధ్య, ఇక్కడితో ఈ జాతి అయిపోయిందని చెప్పడానికి ఎక్కడా సందు లేదు. తల ఎత్తకుండానే ఏదో గొణిగారు.

"వినబడలేదురా," అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

"తప్పు నాది మేడం. అది పిల్లేనని మా ఆవిడ ముందే చెప్పింది. నేనే వినలేదు."

ఫోన్లో కాగితం మళ్ళీ దగ్గరకి జరిపిన చప్పుడు వినిపించింది.

అత్తగారు ఆయన వైపు చూడటం లేదు. కళ్ళజోడు తీసి, నన్నే చూస్తున్నారు.

"నీకు ఆ ఉద్యోగం ఉత్తరం వచ్చిననాడు నేనూ తప్పే చేశానమ్మాయ్," అన్నారు, ఫోన్లో వినబడేంత గట్టిగా.