మూత మీద కూర్చున్న మనిషి

నేను ఒక రేకు డబ్బాను. ఆకలిగొన్నవాళ్ల కోసం నింపిన నన్ను, ఆకలిగొన్న మనిషి కళ్లెదుటే మూసి ఉంచారు. ఇందులో వాదించడానికేమీ లేదు.

తెనాలి బజారులో ఒక రేకుపనివాడు నన్ను అతికాడు. కొన్నాళ్లు ఒక కొట్లో జంతికలు మోశాను. కొట్టు మూతపడ్డాక దీనమ్మ నన్ను కొని తమ పల్లె చర్చికి ఇచ్చింది. అక్కడి ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా ఉంచుతారు. ఆదివారం తెచ్చి నాలో పోస్తారు. పాస్టరుగారు నెలకొకసారి వచ్చి ప్రార్థన చేశాక బీదలకు పంచుతారు. మంచి ఆచారమే. మనుషుల చేతిలో పడేదాకా అన్నీ మంచివే.

ఒక ఏడు తుఫానుకు ఊరి పక్క ఇటుకల బట్టీ మునిగింది. అక్కడ పనిచేసే ఒడిశా ఆమె ఒకతె, చంకలో పసిబిడ్డతో, చర్చి వసారాలోకి వచ్చి కూలబడింది. పల్లెలో ఇళ్లన్నీ తడిశాయి. పొడిబియ్యం ఉన్నది నా కడుపులోనే. దీనమ్మ వసారాలో మూడు ఇటుకలు పేర్చి, చేట పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

సంఘపెద్ద ఏసోబు అడ్డం వచ్చాడు. దీనమ్మకు బావగారు. ప్రార్థన కాని కానుకను ముట్టుకుంటే పాపమన్నాడు. ఆదివారం పాస్టరుగారొస్తారు, అందాకా ఓర్చుకోమను అన్నాడు.

"నన్ను ఓర్చుకోమనండి బావగారూ, ఓర్చుకుంటాను. ఆ చంటిదానికి ఏ బాసలో చెప్పమంటారు?"

ఏసోబు నా మూత మీద కూర్చున్నాడు. "దేవుడి సొత్తమ్మాయ్," అన్నాడు.

అతను దొంగ కాడు. ఒక్క గింజ ఎన్నడూ ఇంటికి తీసుకుపోలేదు. నాకు అదే మరీ కంపరం. మూత నాదే, తెరవడం నా వశంలో లేదు.

దీనమ్మ గంజి కోసం మోకాటిలోతు నీళ్లలో కాలవ లాకుల దగ్గరి ఇళ్ల దాకా పోయింది. తిరిగొచ్చేసరికి వసారా ఖాళీ. భాష రాకపోయినా, మూత మీద కూర్చున్న మనిషి ఆ తల్లికి అర్థమయ్యాడు. దీనమ్మ గంజిచెంబుతో కాలవగట్టు ఎక్కి పిలిచింది. పేరు తెలియదు. అందుకని "అమ్మా, అమ్మా" అనే పిలిచింది. గంజి చల్లారిపోయాక ఆ చెంబుతోనే తిరిగొచ్చింది.

ఆదివారం పాస్టరుగారు పరదేశిని ఆదరించడం గురించి బోధించారు. బాగా చెప్పారు. ఏసోబు కళ్లు తుడుచుకున్నాడు. ప్రార్థనయ్యాక మూత తీస్తే బియ్యం చెమ్మకు ముక్కిపోయి ఉన్నాయి. కోళ్లకు చల్లారు.

దీనమ్మ మళ్లీ నాలో గుప్పెడు పోయలేదు. దారిన పోయేవాళ్లను పిలిచి తన ఇంట్లోనే పెడుతుందట.

ఇప్పుడు నేను చర్చి వెనక తుప్పుపట్టి, సున్నం మోస్తున్నాను. మొన్న ఏసోబు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఎటు పోయిందో ఆ పిల్లతల్లి," అన్నాడు. ఎటు పోయిందో నాకూ తెలియదు. అతన్ని క్షమించడం నా వల్ల కాదు. ఈ సంగతి ఇక ఎవరు అడిగినా నేను ఎత్తను.